మైకు సెట్టుకు గిటారు తగిలిస్తే

అటక మీంచి దించేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. పది కిలోలకు తక్కువుండదు ఆ ఇనప పెట్టె. బరువులో ముప్పాతిక వంతు లోపలున్న రెండు ట్రాన్స్‌ఫార్మర్లదే. పైన ఏళ్లనాటి దుమ్ము, లోపల బల్లి గుడ్ల పెంకులు, ముందువైపు మూడు నాబులు. కంపెనీ పేరున్న పలక ఎప్పుడో ఊడిపోయి, దాని చోట రెండు బెజ్జాలు మిగిలాయి.

"దీంతో ఎన్ని పెళ్లిళ్లు చేశానో లెక్కలేదురా అబ్బాయ్" అన్నాడు మావయ్య, భుజం మీది తువ్వాలుతో దుమ్ము దులుపుతూ.

పక్కనే మా అన్నయ్య కొడుకు ఉన్నాడు. హైదరాబాద్‌లో బీటెక్ చదువు, మిగతా వేళంతా గిటారు. పాత వాల్వు సెట్లను గిటారు యాంప్లిఫయర్లుగా మార్చుకోవచ్చని వాడికి ఎక్కడో చెవిన పడింది. దాంతో నన్ను వెంటబెట్టుకుని ఊరొచ్చాడు. వంగి ఆ పెట్టెలోకి చూస్తూ అడిగాడు:

"తాతయ్యా, గట్టిగా పెడితే దీని సౌండ్ పగులుతుందా?"

మావయ్య మొహం మాడిపోయింది. "నా సెట్టా? పగలడమా? ఇన్నేళ్లలో ఒక్కడు ఆ మాట అనలేదు, కావాలంటే ఊళ్లో ఎవర్నన్నా అడుగు."

"అయ్యో, పగలాలి తాతయ్యా. నాక్కావలసింది అదే!"

మావయ్య నావైపు చూశాడు. వీడికి ఏమన్నా అయిందా అన్నట్టు.

ఆయన అలా చూడటంలో తప్పేం లేదు. రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి కుదిరితే పురోహితుడి తర్వాత కబురు వెళ్లేది ఆయనకే. తెల్లారకముందే కొబ్బరిచెట్టుకు హారన్లు కట్టి భక్తి పాటలు మొదలెట్టాలి. ధనుర్మాసంలో గుళ్లో, సంక్రాంతికి నాటకాల పందిట్లో, ఎన్నికలప్పుడు జీపు మీద, ఎవరైనా పోతే ఘంటసాల భగవద్గీతతో ఆ ఇంటి ముందు. సెట్టు దగ్గర మావయ్య కూర్చునేవాడు. వీధి చివర ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు నిలబడేవాడు. కుర్రాడు చెయ్యి పైకెత్తితే పెంచాలి. అరచెయ్యి బోర్లించి కిందికి ఊపితే తగ్గించాలి. నెత్తిమీద హారన్ మోగుతుంటే అరిచి చెప్పినా వినపడదు కదా! ఆ కుర్రాడు చెయ్యి కిందికి ఊపాడంటే సాధారణంగా ఒకటే అర్థం. సౌండు పగులుతోంది. మాటలు తెలియడం లేదు. పెళ్లివారు డబ్బులు కోసేస్తారు.

బతుకంతా ఏ పగులు రాకుండా కాపలా కాశాడో, ఆ పగులే కావాలని మనవడు వచ్చి అడుగుతున్నాడు. ఈ కథంతా ఆ రెండు కోరికల మధ్య జరిగిన బేరం.

తూము తలుపు

వాల్వు అంటే ఏమిటో కాలవల సీమలో పుట్టినవాళ్లకు చెప్పడం తేలిక. గాలి తీసేసిన గాజు గొట్టంలో ఒక తీగ వేడెక్కుతుంది. దాన్నుంచి ఎలక్ట్రాన్లు లేచి, ఎదురుగా ఉన్న లోహపు రేకు వైపు పరుగెత్తుతాయి. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ చేసిన మొదటి వాల్వులో ఉన్నది ఇంతే. రెండేళ్ల తర్వాత అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్య ఇంకో తీగను పెట్టాడు. అదే గ్రిడ్, అంటే తూము తలుపు. తలుపును వేలితో కదిపినంత చిన్న కదలికకు వెనకున్న కాలవంతా పెరుగుతుంది, తగ్గుతుంది. మైకులోంచి వచ్చే చీమంత కరెంటు తలుపును కదిపితే, హారన్‌ను ఊపేసేంత ప్రవాహం దానికి తగ్గట్టే ఆడుతుంది.

మరి తలుపు పూర్తిగా ఎత్తేశాక ఇంకా ఎత్తమంటే? కాలవలో ఉన్న నీళ్లే ఉంటాయి, కొత్తగా రావు. శబ్దపు అల తల అక్కడ నలిగిపోతుంది. మావయ్య 'పగలడం' అన్నది దీన్నే. ట్రాన్సిస్టర్ సెట్టులో ఆ అల తల కత్తితో కోసినట్టు తెగుతుంది, చెవికి ఇసక పోసినట్టుంటుంది. వాల్వు మాత్రం చివరి దాకా వచ్చేముందు నుంచే మెత్తగా వంగడం మొదలెడుతుంది. స్వరానికి దాని పైస్థాయి స్వరాలు కొన్ని తోడొస్తాయి. తీగను మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే బొంగురుగా పలుకుతుంది. ఎంత బొంగురన్నది వేలి చేతిలో ఉంటుంది. ఇదీ గిటారువాళ్ల మోజుకు అసలు కారణం. వాళ్లకు యాంప్లిఫయర్ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు వినిపించే అద్దం కిందికి రాదు, గిటారులో రెండో సగం. వీణకు కుండ ఎలాగో అలాగ.

వాళ్ల చరిత్ర నిండా చెడిపోయిన పెట్టెలే. 1951లో అమెరికాలోని మెంఫిస్‌లో ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' పాట రికార్డు చేసేనాటికి గిటారిస్టు యాంప్లిఫయర్ దెబ్బతిని ఉంది. స్పీకరులో కాగితాలు కుక్కి అలాగే కానిచ్చేశారు. 1958లో లింక్ రే అనే ఆయన 'రంబుల్' కోసం స్పీకరు కాగితానికి పెన్సిలుతో తూట్లు పొడిచాడు. 1964లో లండన్‌లో కింక్స్ బృందం కుర్రాడు డేవ్ డేవీస్ తన చిన్న ఎల్పికో యాంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో చీరేశాడు. ఆ చిరిగిన గొంతును ఇంకో పెద్ద వాక్స్ యాంప్లిఫయర్‌లోకి పంపి 'యూ రియల్లీ గాట్ మీ' వాయించాడు. ఈ సంగతి చెబితే మావయ్య, "స్పీకరును చింపడమా? వాళ్ల అమ్మానాన్నా ఏమీ అనలేదా?" అని అడిగాడు.

ఇంకో విశేషం. ఈ యాంప్లిఫయర్లను లోకానికి ఇచ్చినవాళ్లు మన రేడియో మెకానిక్కులాంటి వాళ్లే. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఆయనకు చివరిదాకా గిటారు వాయించడం రాలేదు. ఫెండర్ చేసిన బాస్‌మన్ యాంప్లిఫయర్ సర్క్యూట్‌ను ముందు పెట్టుకుని 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపువాళ్లు తమ మొదటి యాంప్లిఫయర్ కట్టారు. మార్షల్ డ్రమ్ములు నేర్పే మాస్టారు. రాక్ సంగీతపు గొంతును తీర్చిదిద్దింది ఒక రిపేరువాడు, ఒక డ్రమ్ములాయన అన్నమాట.

గొట్టం మీది జాతకం

పెట్టె మూత విప్పి ముందుగా చూడాల్సింది గొట్టాల మీది అక్షరాలు. తడిగుడ్డతో తుడవకూడదు, ఆ ముద్ర ఇట్టే చెరిగిపోతుంది. పొడి బ్రష్‌తో దులిపితే అయిదు పేర్లు కనపడ్డాయి. ఈసీసీ83 రెండు, ఈఎల్84 రెండు, ఈజెడ్81 ఒకటి. వాటిలో రెండింటి మీద బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్ర. 1954లో పుట్టిన ఆ ప్రభుత్వ సంస్థ 1961 నుంచి రేడియో వాల్వులు తయారు చేసింది.

ఐరోపా పద్ధతిలో పెట్టిన ఈ పేర్లు చదవడం వస్తే సగం పని అయినట్టే. మొదటి అక్షరం ఈ అయితే లోపలి తీగకు 6.3 వోల్టులు కావాలి. సీ అంటే ట్రయోడు, అంటే తీగ, గ్రిడ్, రేకు ఉన్న వాల్వు. రెండు సీలంటే ఒకే గొట్టంలో రెండు. ఎల్ అంటే స్పీకరును తోలే బరువు వాల్వు. జెడ్ అంటే ఏసీని డీసీగా మార్చేది. 8తో మొదలయ్యే అంకె కింద తొమ్మిది పిన్నులుంటాయని గుర్తు.

ఈ అయిదు పేర్లు చూడగానే మావాడు ఎగిరి గంతేశాడు. కారణం ఉంది. 1950ల చివర్లో ఇంగ్లండులో డిక్ డెన్నీ రూపొందించిన వాక్స్ ఏసీ15 గిటారు యాంప్లిఫయర్‌ను నడిపిందీ రెండు ఈఎల్84 వాల్వులే. ముల్లార్డ్ కంపెనీ ఇళ్లలో రికార్డులు వినేవాళ్ల కోసం అచ్చువేసిన అయిదు వాల్వుల, పది వాట్ల ప్రసిద్ధ సర్క్యూట్‌లోనూ అవే. అంటే పందిట్లో మైకుకు, డ్రాయింగ్ రూములో రికార్డుకు, స్టేజీ మీద గిటారుకు పనిచేసింది ఒకే గొట్టాల జత. చుట్టూ ఉన్న కండెన్సర్లు, రెసిస్టెన్సులు మార్చితే ఉద్యోగం మారిపోతుంది.

ఇక ఒక హెచ్చరిక. దీన్ని నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు.

గొట్టం మీద మొదటి అక్షరం యూ అయితే ఆ సెట్టు జోలికి పోవద్దు. యూసీఎల్82, యూఎల్84, యూవై85 లాంటివి. ఏసీ, డీసీ రెండింటి మీదా నడవాలని చేసిన రేడియోలవి. ఒకప్పుడు కొన్ని ఊళ్లలో డీసీ కరెంటే ఉండేది మరి. వాటిలో కరెంటును ఇంటి లైను నుంచి విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాల్వుల తీగలన్నీ దండలో పువ్వుల్లా వరసగా గుచ్చి నేరుగా మెయిన్సుకు తగిలిస్తారు. లైనులో ఒక వైరు ఛాసిస్‌కే, అంటే లోపలి ఇనప చట్రానికే, అంటుకుని ఉంటుంది. చుట్టూ చెక్క పెట్టె, బేకలైటు నాబులు ఉన్నాయి కాబట్టి పాట వినేవాడికి ప్రమాదం లేదు. గిటారు తగిలిస్తే కథ మారిపోతుంది. గిటారు తీగలు వైరు జల్లెడ ద్వారా ఛాసిస్‌కు కలిసి ఉంటాయి.

ఇంటర్ చదివేరోజుల్లో ఒక పాత రేడియో వాల్యూమ్ కంట్రోలుకు సర్క్యూట్ చూడకుండా వైరు అతికి, స్నేహితుడి గిటారు తగిలించాను. మొదటి రోజు బ్రహ్మాండంగా పలికింది. రెండో రోజు రెండు పిన్నుల ప్లగ్గును తిరగేసి పెట్టాను. అంతకు మించి ఏమీ చేయలేదు. తీగ మీద చెయ్యి వేయగానే మోచేతి మీద ఎవరో రోకలితో కొట్టినట్టయింది. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టుకు ఆ అదృష్టం కలగలేదు. ఎర్తు లేని మైకును తడి చేతులతో పట్టుకుని స్టేజీ మీదే ప్రాణం వదిలాడు.

మావయ్య పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అయినా మొదట చేసిన పని రెండు పిన్నుల వైరు కోసి పారేసి, మూడు పిన్నుల వైరు వేసి, ఎర్తును ఛాసిస్‌కు బోల్టుతో బిగించడం. కొత్త ఫ్యూజు కూడా. పాత ఫ్యూజు చోట మెలితిప్పిన రాగి పోగు ఉంది. "పెళ్లి మధ్యలో ఎగిరిపోతే ఏం చేయమంటావు?" అన్నాడు మావయ్య, నేను అడగకముందే.

సీరీస్ బల్బు చెప్పిన సంగతి

ఏళ్ల తరబడి పడుకున్న సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టడమంటే జ్వరం మనిషిని మంచం మీంచి లేపి పరుగెత్తమనడమే. రేడియో మెకానిక్కులందరి దగ్గరా ఉండే సాధనం సీరీస్ బల్బు. సెట్టుకు వెళ్లే వైరు దారిలో 100 వాట్ల పాతకాలపు బల్బు. సెట్టు లోపల షార్టుంటే కరెంటంతా బల్బే తాగేసి వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఊళ్లో ఆ పాత బల్బు కోసం మూడు షాపులు తిరిగాం.

స్విచ్ వేశాం. బల్బు ఒక్కసారి వెలిగి, నెమ్మదిగా మసకబారింది. మంచిదే, వాల్వుల తీగలు వేడెక్కుతున్నాయి. గొట్టాల అడుగున నారింజ రంగు మొదలైంది. దుమ్ము కాలుతున్న వాసన. "ఇదిరా పెళ్లి వాసన" అన్నాడు మావయ్య. అంతలో, అర నిమిషం గడిచిందో లేదో, బల్బు మళ్లీ పెరగడం మొదలెట్టి పూర్తిగా వెలిగిపోయింది. స్విచ్ తీసేశాను.

ఆ అర నిమిషమే రోగం పేరు చెప్పేసింది. ఈజెడ్81 వేడెక్కి హెచ్చు వోల్టేజీ ఇవ్వడం మొదలెట్టాకే బల్బు పెరిగింది. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంలా ఉంది, దాని తర్వాతున్న ఫిల్టర్ కండెన్సర్ పోయింది. వాడకం లేకపోతే ముందు పోయేది అదే, లోపలి ఆక్సైడు పొర చెడిపోతుంది. దాని మీద చెయ్యి వేసేముందు కాళ్ల మధ్య రెసిస్టెన్సు పెట్టి మీటర్లో సున్నా చూసుకోవాలి. బాగున్న కండెన్సర్ అయితే కరెంటు తీసేసిన చాలాసేపటికి కూడా 300 వోల్టులు దాచుకుని కూర్చుంటుంది.

కొత్తది వేశాక బల్బు మసకగానే ఉండిపోయింది. ఇక నేరుగా పెట్టి మీటరు చూస్తే ఇంకో వింత. 300 ఉండాల్సిన చోట 360 వోల్టులు. ఈఎల్84కు అనుమతించిన గరిష్ఠం 300. తల గోక్కుని గోక్కుని చివరికి వెనకవైపు చూస్తే దొరికింది. అక్కడ 200, 220, 240 అని మూడు గడుల మీట ఉంది, అది 200 దగ్గర బిగించి ఉంది.

"అది నేనే పెట్టాన్రా" అన్నాడు మావయ్య. "పెళ్లిళ్ల సీజన్లో రాత్రిపూట మన ఊళ్లో కరెంటు ఎప్పుడైనా 200 దాటిందా? 240లో పెడితే మైకు గొణిగేది." ఇప్పుడు ఊళ్లో నిలకడగా 240 వస్తోంది. ఆనాటి చీకటి కరెంటుకు చేసిన సర్దుబాటు ఈనాటి మంచి కరెంటులో వాల్వులను కాల్చేస్తోంది. మీట మార్చగానే అంతా సర్దుకుంది. అంతా అంటే, దాదాపు. ఒక ఈఎల్84 లోపలి రేకు సన్నగా ఎర్రబడుతోంది. దాని గ్రిడ్ మీద సున్నా ఉండాల్సింది, మీటరు నాలుగు వోల్టులు చూపింది. ముందు దశ నుంచి పాటను మాత్రమే పంపి డీసీని ఆపాల్సిన మైనపు కండెన్సర్ కారుతోంది. తూము తలుపు కింద ఎవరో రాయి పెట్టినట్టు, వాల్వు ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. అలాంటివి ఉన్నవన్నీ మార్చేశాం.

ఇప్పటిదాకా చేసింది రిపేరు. పెట్టెను మైకు సెట్టుగానే మళ్లీ బతికించాం. అక్కడ ఆపేసి ఉంటే మావయ్య ఎక్కువ సంతోషించేవాడేమో.

మార్పు నిజానికి ఓ పూట పని. రేడియోకైతే ఇంకాస్త ఎక్కువ. రేడియో వెనక గ్రామఫోను బొమ్మ ఉన్న పికప్ బెజ్జాలు రికార్డు ప్లేయర్ కోసం పెట్టినవి. క్రిస్టల్ ముల్లు అర వోల్టు నుంచి వోల్టు దాకా ఇస్తుంది. గిటారు ఇచ్చేది అందులో ఏ అయిదో వంతో పదో వంతో. అందుకే అక్కడ తగిలిస్తే గిటారు పక్కింట్లో మోగుతున్నట్టుంటుంది, ముందు ఇంకో వాల్వు దశ కట్టుకోవాలి. మైకు సెట్టులో ఆ దశ ముందే ఉంది. మైకు గొంతు గిటారు కన్నా బలహీనం కాబట్టి దానికి సరిపోయే బలం గిటారుకు కావలసిన దానికన్నా ఎక్కువే. అందుకే నా ఓటు ఎప్పుడూ మైకు సెట్టుకే.

మైకు బిగించే పాత మరల సాకెట్ తీసి గిటారు జాక్ పెట్టాం. గ్రిడ్ నుంచి నేలకు 1 మెగ్ ఓమ్ రెసిస్టెన్సు, దారిలో 68 కిలో ఓమ్‌లది ఇంకోటి. రెండోది లేకపోతే ఒక్కోసారి ఆకాశవాణి కూడా గిటారుతో కలిసి పాడుతుంది. దశల మధ్య 0.05 కండెన్సర్ తీసి 0.022 వేశాం. మంద్రం కొంచెం తగ్గుతుంది. ఇది రుచికి సంబంధించిన సంగతి. మంద్రమంతా లోపలికి వెళ్లి పగిలితే వినపడేది గిటారులా ఉండదు, దుప్పటి కింద ఎవరో మూలుగుతున్నట్టుంటుంది. పగలబోయే ముందే బరువు దించాలి.

అసలు బేరం ఫీడ్‌బ్యాక్ దగ్గర వచ్చింది. మైకు కూత పెట్టే ఫీడ్‌బ్యాక్ గురించి చెప్పడం లేదు. స్పీకరుకు వెళ్లే శబ్దంలో కాస్త వెనక్కి తెచ్చి, వచ్చినదానితో పోల్చి, తేడాను దిద్దే ఏర్పాటు ఒకటుంది. 1927లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన హెరాల్డ్ బ్లాక్ ఉద్యోగానికి పడవలో వెళ్తూ చేతిలో ఉన్న న్యూస్‌పేపరు మీదే దీన్ని గీసిపెట్టుకున్నాడు. ఇది యాంప్లిఫయర్‌లో కూర్చున్న తెలుగు మాస్టారు. ఉచ్చారణ తప్పితే వెంటనే దిద్దుతాడు. ఆయన ఉన్నంతసేపు మాట స్ఫుటంగా ఉంటుంది, కానీ పట్టు దాటిందంటే వాల్వు కూడా ట్రాన్సిస్టర్‌లా ఠక్కున తెగుతుంది. ఆ మెత్తటి వంపు కావాలంటే మాస్టారు సెలవు పెట్టాలి.

"ఆ వైరు తీసేస్తే మాట పోతుందిరా" అన్నాడు మావయ్య. సర్క్యూట్ పేర్లు ఆయనకు తెలియవు. ఏ వైరు తీస్తే ఏమవుతుందో తెలుసు. "వైరు తియ్యం మావయ్యా, స్విచ్ పెడదాం" అన్నాను. అలా వెనకవైపు ఒక చిన్న స్విచ్ వచ్చింది. పైకి 'మైకు', కిందికి 'గిటారు'. మావాడు మార్కరుతో రాశాడు. రెండో మైకు సాకెట్‌ను ముట్టుకోలేదు. అది మావయ్య షరతు.

హారన్‌తో మొదటి పరీక్ష చేశాం, తప్పలేదు, ఇంట్లో ఉన్నది అదే. దూరం పోవడానికి పుట్టిన హారన్‌కు నడిమి స్వరాలే తెలుసు. గిటారు మంద్రపు తీగ సెకనుకు 82 సార్లు ఊగుతుంది, ఆ సంగతి హారన్ చెవికే ఎక్కలేదు. 'ప్లాట్‌ఫారం నంబరు మూడు' అని వినపడుతుందేమో అనిపించింది. తెనాలి నుంచి 12 అంగుళాల, 8 ఓమ్‌ల స్పీకరు తెచ్చి, చెక్క పెట్టెలో బిగించి, పెట్టె వెనక 100 వోల్టుల లైనుకు తగిలించి ఉన్న వైరును 8 ఓమ్‌ల దానికి మార్చాం. ఆ 100 వోల్టుల ఏర్పాటు కూడా తెలివైనది. కరెంటు స్తంభాల లైన్లలాగే, హెచ్చు వోల్టేజీలో పంపితే సన్నటి వైరులో కూడా పాట ఊరవతలి హారన్ దాకా వృథా కాకుండా వెళ్తుంది. అక్కడ హారన్ దగ్గరున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ దించుకుంటుంది.

వైరు మార్చేటప్పుడు నేను సెట్టు ఆపడం మర్చిపోబోయాను. మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. "హారన్ ఊడితే ముందు సెట్టు ఆపాలి, తర్వాతే వైరు." ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లకు షార్టు అయితే ప్రమాదం. వాల్వు సెట్టుకు స్పీకరు లేకపోవడం ప్రమాదం. వెళ్లే దారి లేక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ వేలల్లోకి ఎగబాకి లోపలి చుట్లను కాల్చేస్తుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ పోతే అలాంటిదే చుట్టించుకోవాలి. చుట్టగలిగినవాళ్లు రోజురోజుకూ తగ్గుతున్నారు. మిగతా సామాను హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో వెతికితే దొరుకుతుంది. కొత్త వాల్వులు ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో తయారవుతున్నాయి, కొనేవాళ్లలో ఎక్కువమంది గిటారువాళ్లే. వాళ్ల మోజే లేకపోతే ఆ ఫ్యాక్టరీలు ఈపాటికి గోడౌన్లయ్యేవి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నిద్ర పట్టదు. నడుస్తున్న వాల్వు రేడియోను మాత్రం కోయకండి. ఆకుపచ్చ మ్యాజిక్ కన్ను వెలుగుతూ, విజయవాడ స్టేషన్ పలుకుతున్న రేడియోను గిటారు కోసం ఖాళీ చేసినవాళ్లను చూశాను. వచ్చింది మూడు నాలుగు వాట్ల నాసి శబ్దం, పోయింది మళ్లీ రానిది. ఇంగ్లండు నుంచి వచ్చిన క్వాడ్, లీక్ లాంటి పాత సంగీత యాంప్లిఫయర్లదీ అదే సంగతి, వాటిని వాటి పని చేయనివ్వాలి. పలక ఊడి, అటకెక్కి, అమ్మితే ఇనప్పాత ధర కూడా రాని మైకు సెట్టయితే నష్టమేం లేదు. డబ్బు లెక్క చూస్తే ఇదంతా దండగే. మేము తిరిగిన ఊళ్ల బస్సు చార్జీలతో చిన్న గిటారు యాంప్లిఫయర్ వచ్చేదని మా ఆవిడ అంచనా. నేను లెక్క వేయలేదు, వేస్తే నిజమని తేలుతుందని భయం.

అందరికీ పగులే కావాలని కూడా అనుకోవద్దు. మన పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు. కర్ణాటక సంగీతంలో ఎలక్ట్రిక్ మాండలిన్‌కు స్థానం సంపాదించి పెట్టింది ఆయనే. మామూలు మాండలిన్ తీగ మీటగానే ఠింగుమని చచ్చిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలవాలి. కరెంటు ఆయనకు ఇచ్చింది ఆ నిలకడ, గొంతు పగలకుండా. మా స్విచ్‌ను 'మైకు' వైపు పెడితే అలాంటి పలుకు కూడా వస్తుందని మావయ్య వాదన. అందులో నిజం ఉంది, మావాడు కూడా ఒప్పుకున్నాడు.

సాయంత్రం అయిదింటికి పెట్టెను వసారాలో పెట్టాం. స్విచ్ వేసి అర నిమిషం ఎదురుచూడటం మావాడికి చేతకాలేదు, ఫోను తీశాడు. మావయ్య కళ్లు గొట్టాల మీదే ఉన్నాయి. సన్నగా హమ్మింగు వచ్చింది, పోయింది. వాడు మెల్లగా ఒక తీగ మీటాడు. తేనె కారినట్టుంది. "చూశావా, పగల్లేదు" అన్నాడు మావయ్య. వాడు నవ్వి, నాబును ముప్పావు దాకా తిప్పి, ఆరు తీగలనూ కలిపి కొట్టాడు.

గోడ మీది క్యాలెండరు ఊగింది. గొంతు నిండా జలుబు చేసిన మనిషి ఆలాపన అందుకున్నట్టు, ఆ స్వరం బొంగురుగా లేచి, నిలిచి, నిలిచి, చివర్లో మళ్లీ శుభ్రపడుతూ తగ్గింది. మావయ్య చెయ్యి దానంతటదే నాబు దగ్గరికి వెళ్లింది. మధ్యలో ఆగింది. ఏమనుకున్నాడో, తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగి వీధిలోకి నడిచాడు. రెండిళ్లు దాటి, వేపచెట్టు దాటి, మలుపు దగ్గర ఇటు తిరిగి నిలబడ్డాడు. ఒకప్పుడు ఆయన కుర్రాణ్ణి నిలబెట్టిన చోటు అది.

వాడు ఇంకోసారి కొట్టాడు. మావయ్య చెయ్యి చాచి, అరచెయ్యి బోర్లించి, కిందికి ఊపుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

మావాడికి ఆ భాష తెలియదు. తాతయ్య తాళం వేస్తున్నాడనుకుని ఇంకాస్త పెంచాడు. నాకు తెలుసు, కానీ చెప్పలేదు.